ఎవురిదీ కాని సంచి

పలమనేరు బస్సు ఆగే చోట
సిమెంటు బల్ల కింద ఒక యూరియా సంచి.
ఎవురిదని అడిగినాడు కండక్టరు.
ఎవురిదని అడిగినాడు అప్పుడే గుండు కొట్టించుకోనొచ్చిన పిల్లోడు.
ఎవురిదీ కాదన్నాక
ఆ సంచి ఉన్నట్టుండి బరువెక్కింది.

ఈలలు. తాడు.
స్టవ్ ఆర్పేసి రామ్మా అన్నారు. ఆర్పేసినా.
పొంగడానికొచ్చిన పాలు అట్లనే ఆగి
ముడత పడి నన్ను చూసినాయి.
నామాలోళ్ళు, బోడిగుండ్లోళ్ళు, లడ్డు సంచులోళ్ళు
తాడు ఇవతల, ఒకరి భుజం మీంచి ఒకరు.
పొమ్మంటే పోరు. చూడద్దంటే చూస్తారు.
మైకు కూడా నోరు మూసింది,
పదేండ్లలో అది మూయడం నేను చూళ్ళేదు.

ముందు కుక్క వచ్చింది.
ఆఫీసు కాగితాల్లో దాని పేరు జూలియట్.
నాకు మాత్రం బెల్లం.
దినామూ నా బండి పక్కనే పోతుంది, బిస్కెట్ల సీసా తిక్కు చూడదు.
చూడకుండా నేర్పించినారంట.
ఆ నేర్పు తల్చుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.
కూర్చుంటే సంచిలో ఉన్నట్టు, వచ్చేస్తే లేనట్టు.
బెల్లం కూర్చోనూ లేదు, రానూ లేదు.
నిలబడి, తోక సగం ఊపి ఆపేసింది.

పలక పెట్టి పటం తీసినారు.
పటంలో తీగలు. ఒక చుట్ట.
దాని పక్కన గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి, వందల బిళ్ళలు.
ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించినాడు.

అప్పుడు చెంగల్రాయులు ఆ కోటు తొడుక్కున్నాడు.
మే నెల, మిట్టమధ్యాన్నం, తిరుపతి ఎండ.
పొద్దున నా దగ్గర పది రూపాయల అప్పు పెట్టిపోయినోడు.
"సాయంత్రం ఇస్తాలే అక్కా" అన్న మాట
ఇప్పుడు వాడితోపాటు నడస్తా ఉండాది
సంచి కాడికి.

అడుగులు లెక్కపెట్టినా. నలభై దాటినాక తప్పిపోయినా.
మోకాళ్ళ పర్వతంలో కూడా
అంత మెల్లగా ఎవురూ మోకాళ్ళూనరు.

ఎంతసేపో.
తలమీది గాజు పైకెత్తి
నవ్వినాడు!

సంచిలో
పాత చీరలో చుట్టిన బోరు మోటారు స్టార్టరు, మసిబట్టింది.
పసుపు గుడ్డలో ముడుపు.
అరిటాకులో రెండు సంగటి ముద్దలు, ఊరుబిండి.

అప్పుడొచ్చింది మనిషి, బాత్రూం క్యూలోంచి.
గురవమ్మ. రామసముద్రం పక్కన ఏదో పల్లె.
తాడు కింద దూరి "నా సంచీ నా సంచీ" అని ఒకటే పరుగు,
పట్టుకోబోయిన పోలీసమ్మకే నోటితో నాలుగు పెట్టింది.
బోరులో నీళ్ళు పడితే ఇస్తానని మొక్కుకోని
పాల దుడ్లలో దినానికొక రూపాయి దాచిందంట.
నీళ్ళు పడినాయి. మోటారు కాలింది.
రెండు పన్లూ ఒకే బస్సు చార్జీలో అయిపోతాయని బయల్దేరింది.

"విప్పాల్సొచ్చింది పెద్దమ్మా" అన్నాడు చెంగల్రాయులు,
నేరం చేసినోడి మాదిరి.
ముడుపు మధ్యలో విప్పకూడదు కదా.
ఆమె వాడి చెమట మొగం చూసింది.
కొండ తిక్కు చూసింది.
"నువ్వు యాడ విప్పినావు నాయనా.
ఆయనే ఇంత దూరం దిగొచ్చి లెక్క చూసుకున్నాడు."

వాడు స్టార్టరును అటూ ఇటూ తిప్పినాడు,
సేద్యగాని కొడుకు.
"కాయిల్ బాగుండాది. కెపాసిటరే పోయింది.
కొత్తది కొనమంటే నమ్మద్దు."
అని చెప్పి, అంగడి గుర్తులు కూడా చెప్పినాడు.
ఆమె అప్పుడు నమ్మింది వీడు పోలీసని కాదు, మనిషని.

స్టవ్ అంటించినా.
టీ తాగేటప్పుడు వాడి చేతులు వణకలేదు,
మోకాళ్ళు వణికినాయి. నేను చూడనట్టు గ్లాసులు కడిగినా.
అప్పు ఇరవై అయింది. ఎవురమూ గుర్తు చేసుకోలేదు.

రాత్రి బండి తోస్తా ఉంటే
చక్రం కింద ఒక రూపాయి, పసుపు అంటుకోని.
కొండ కిందనే టీ అమ్ముతా ఉండా,
ఆరేండ్లాయె ఎక్కక.
చక్కెర డబ్బా మూతలో పెట్టుకున్నా.
ఎవురిదని ఎవురినీ అడగలేదు.